గైడు ఇచ్చిన ప్రశ్నలు

మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్న తల్లి ముందు, గైడు ఇచ్చిన ప్రశ్నల కాగితాలు విసిరికొట్టింది హేమావతి.

"గండికోట శాసనాల మీద పీహెచ్‌డీ చేస్తా సార్ అంటే, నేసేవాళ్ల బిడ్డవి, నేతపని మీదే రాయమంటాండాడు. ఒప్పుకోకుంటే సీటే లేదంట!"

సిద్దమ్మ కాగితాలు తీసి కూతురి చేతికిచ్చింది. "అడుగు పాపా, చెప్తా."

రోజుకెన్ని గంటలు నేస్తారు? మోకాళ్ల నొప్పులున్నాయా? జవాబులన్నీ హేమావతికి తెలిసినవే. అయినా పళ్లు బిగబట్టి అడిగింది, రాసుకుంది.

"మీ పిల్లలెవరైనా ఈ పనిలోకి దిగారా?" అని చదివి, తనే 'లేదు' అని రాయబోయింది.

సిద్దమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"నువ్వు ఈ గుంటలో దిగకూడదనే ఇంతదాకా చదివించినా. నిన్నటిదాకా లేదు. ఈపొద్దు దిగిందని రాయి."