లెనిన్‌గ్రాడ్ ఉత్తరాలు

"కేసేమీ లేదు సారూ. మీ ఉత్తరాలు మీరు తీసుకోండి," అంటూ పోలీసు అధికారి పద్మనాభయ్య, సోదాలో పట్టుకుపోయిన కట్టను బల్ల మీద పెట్టాడు.

విడవలూరు యెహోషువ చరిత్ర లెక్చరరు. జార్ కాలపు రష్యా గూఢచారుల మీద పుస్తకం రాస్తూ, లెనిన్‌గ్రాడ్ లైబ్రరీలో పనిచేసే వేరాతో 1962 నుంచి ఉత్తరాలు నడుపుతున్నాడు.

"మొదటి మూడే ఆమెవి," అన్నాడు పద్మనాభయ్య. "ఆపైన ఆమె మానుకునింది. తక్కినవన్నీ ఆమె పేరుతో నేనే టైపు చేసినాను, మీరేమన్నా రహస్యాలు బయటపెడతారేమోనని."

"ఇట్లాంటి పని మీకెవరు నేర్పినారు?"

"మీరే. జార్ పోలీసులు దొంగ ఉత్తరాలు ఎట్లా రాసేవాళ్లో, ఆమెకు పంపిన అధ్యాయంలో వివరంగా రాసినారు గదా."

యెహోషువ కట్టను దగ్గరికి లాక్కున్నాడు. "మా అమ్మ పోయినప్పుడు వచ్చిన ఉత్తరం?"

"అదీ నాదే."

అతను కట్ట విప్పి వేరా రాసిన మూడూ ఏరుకున్నాడు. కాసేపాగి, అమ్మ పోయినప్పటిదీ తీసి జేబులో పెట్టుకున్నాడు.