తీగ లేని గది

2006లో పెనుకొండలోని ఒక పాత రాతి బంగళాకు కరెంటు లైను తీసేసి, సొంత కరెంటుతోనే నడిచేలా మిద్దె మీద సోలార్ ప్యానెళ్లు బిగించింది సల్మా. ఆ రాత్రే పరీక్ష. తెల్లారేలోపు బ్యాటరీలు సగానికి దిగితే పాత లైనే మళ్లీ తగిలిస్తానన్నాడు యజమాని.

పదకొండింటికి ఆమె స్విచ్‌లన్నీ ఆపేసింది. అయినా మీటరు సున్నాకు రాలేదు. ఎవరో కరెంటు వాడుతున్నారు.

వాచ్‌మన్ పుల్లన్నతో కలిసి గదులన్నీ వెతికింది. మేడమీద, ఏళ్లుగా మూసి ఉన్న చివరి గది తలుపు కింద సన్నని వెలుగు కనిపించింది.

"ఈ గదికి మనం వైరే ఎయ్యలేదు గదమ్మా," అన్నాడు పుల్లన్న. "పోదాం పా. పాత లైనే తగిలించుకోనీ."

"ఏడు నెలలు ఎండలో మాడింది నేను. నువ్వు పో పుల్లన్నా."

టార్చ్ ఆమె చేతిలో పెట్టి అతను దిగిపోయాడు. అడుగుల చప్పుడు ఆగాక సల్మా తలుపు తట్టింది.

"ఎవరుండారో నాకనవసరం. పగలు ఎంతైనా వాడుకో. రాత్రి నా బ్యాటరీల జోలికి రావద్దు. ఆపు."

లోపల టక్కుమని చప్పుడైంది. వెలుగు ఆరిపోయింది.

"చీకట్లో ఎట్లుండేది తల్లీ?" అంది ఒక ముసలి గొంతు, తలుపుకు ఆనుకుని.

సల్మా టార్చ్ కూడా ఆర్పేసింది.

"నేనెట్లుండానో అట్లే."

లోపలి గడియ మెల్లగా జరిగింది. సల్మా వెనక్కి అడుగు వేయలేదు.