తీతువు బడాయి

వాగు ఒడ్డున గులకరాళ్ల మధ్య ఒక తీతువు పిట్ట గుడ్లు పెట్టింది. వాటికి గూడు లేదు, చాటు లేదు. అయినా ఆ పిట్ట పొద్దున్నే లేచి, "ఏనుగొచ్చినా సరే, నా గుడ్ల దగ్గర్నుంచి వెనక్కి పంపిస్తా!" అని అరిచేది.

"పిడికెడు పిట్టకి ఎంత బడాయో!" అని తుమ్మచెట్టు మీది కాకి రోజూ నవ్వేది.

ఒక మధ్యాహ్నం దాహంతో వస్తున్న గేదె నేరుగా గుడ్ల మీదికే నడిచింది. తీతువు కదల్లేదు. రెక్కలు బార్లా చాచి, గేదె మూతి ముందే నిలబడి, వాగంతా దద్దరిల్లేలా అరిచింది.

గేదె ఆగి, తల విదిలించింది. "నీకో దండం తల్లీ!" అంటూ పక్కకు తిరిగి నీళ్లకు పోయింది.

కాకి కిందికి దిగొచ్చి చూస్తే, తీతువు సన్నకాళ్లు ఇంకా వణుకుతున్నాయి.

"భయం వేసిందా అక్కా?"

"వేయదా మరి!"

"అయితే రోజూ ఆ బడాయి ఎవరి కోసం?"

"ఈ కాళ్ల కోసమే తమ్ముడూ. రోజూ విన్నాయి కాబట్టే ఇవాళ పారిపోకుండా నిలబడ్డాయి."

మర్నాడు పొద్దున తీతువు కంటే ముందే కాకి గొంతెత్తింది.

"ఏనుగొచ్చినా సరే, మా అక్క వెనక్కి పంపిస్తుంది!"