పోసినదానికంటే ఎక్కువ

తివాచీలు కడిగే మిషన్ రిపేరుకిచ్చిన ఆవిడ మొగుడు దాహం, దాహం అంటూనే పోయాడట. ఎదురింటావిడ చెప్పిన ఆ ముక్క మొగుడి చెవిన వేసి, మెకానిక్ భార్య పక్కగదిలో నడుం వాల్చింది.

"ఎదురింటావిడ నోట్లో పడ్డాక బతికి బయటపడ్డవాడెవడు?" అని నవ్వుతూ అతను మిషన్‌కి కొత్త గొట్టం బిగించాడు.

ఎలా లాగుతుందో చూద్దామని ఒక చెంబు నీళ్లు పోసి, ఇంట్లో తివాచీ మీదే నడిపాడు. ఎప్పుడైనా తివాచీ కాసిని తాగేస్తుంది, తిరిగొచ్చే మురికినీళ్లు తక్కువే. ఈసారి రెండు చెంబులొచ్చాయి. తేటగా, గోరువెచ్చగా ఉన్నాయి. అనుమానమొచ్చి, చుక్క నీరు పోయకుండా మళ్లీ నడిపాడు. నీళ్లు చేరే డబ్బా నిండింది.

"ఏమండీ, కాసిని నీళ్లివ్వండి. నాలుక పిడచకట్టుకుపోతోంది."

పక్కగదిలోకి తెచ్చిచ్చిన గ్లాసుడూ భార్య గటగటా తాగేసి ఇంకా కావాలంది. ఆమె పెదవులు బీటలు వారి ఉన్నాయి. అతను పరుగున వచ్చి ప్లగ్గు పీకేశాడు. మోటారు ఆగింది. డబ్బాలో మాత్రం చుక్క మీద చుక్క పడుతూనే ఉంది.

మిషన్ గలావిడకు ఫోన్ చేశాడు.

"అమ్మా, మీ మిషన్ బాగైంది. ఇప్పుడే వచ్చి పట్టుకెళ్లండి."

"బాగుచెయ్యమని ఎవరిచ్చారు నాయనా? మా గడప దాటితే చాలని ఇచ్చాను."