చిరిగిన అట్ట

నెలాఖరున నిజాంపట్నం గ్రంథాలయంలో అరలు వాటంతటవే కదిలాయి. ఆ నెల గ్రంథాలయం ఆన్‌లైన్‌లో పెట్టిన ఏ పాఠకుడి ఫొటోలోనూ కనిపించని పుస్తకాలను ఏరి, కాగితం మిల్లుకు పంపేశాయి. ప్రతి నెలా జరిగేదే కనుక లైబ్రేరియన్ హైమవతి తలెత్తి కూడా చూడలేదు.

మర్నాడు మస్తానయ్య వచ్చాడు. రోజూ కిటికీ పక్కన కూర్చుని, పడవలు కట్టడం నేర్పే పుస్తకం ఒక్కటే చదువుకునే ముసలాయన.

"అమ్మా, నా పడవల పుస్తకం కనపడట్లేదే?"

హైమవతి తలెత్తింది. మొన్న ఆయన ఫొటో తీసింది తనే. ఆ పుస్తకం అట్ట చిరిగిపోయిందని, "ఇది పట్టుకో బాబాయ్, ఫొటోలో బాగుంటది" అంటూ మెరిసే కొత్త పుస్తకమొకటి చేతిలో పెట్టింది. గోడ మీది తెరపై ఆ ఫొటోకి ఇంకా లైకులు పడుతూనే ఉన్నాయి.

"మిల్లుకి పోయింది బాబాయ్. తప్పు నాదే."

 మస్తానయ్య తన కుర్చీలో కూర్చుని, కాలరు సరిచేసుకుని, పుస్తకం తెరిచి పట్టుకున్నట్టు రెండు చేతులూ చాపాడు.

"ఇట్టా తియ్యమ్మా. చూసినోళ్ల కాడ ఆ పుస్తకం ఇంకోటి ఉందేమో."

హైమవతి ఆయన వైపు ఫోను ఎత్తి పట్టింది.

"పుస్తకం కనిపించడం లేదు, మళ్లీ తీయండి" అంది ఫోను.