పదకొండు గంటల ఫోల్డర్

కెమెరా కార్డు గోరంత ఉంది. కంప్యూటర్‌లో పెట్టేముందు స్వామి దాన్ని చొక్కా అంచుతో రెండుసార్లు తుడిచాడు.

"ఇందులనే ఉన్నడా మా లింబాద్రి?" అన్నాడు దేవన్న.

"ఉన్నడు. కూసో దేవన్నా."

శుక్రవారం. సౌదీ అరేబియా, దమ్మామ్‌లోని ఆ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో వాళ్లిద్దరే ఉన్నారు.

దేవన్న తమ్ముడు లింబాద్రి ఆ కంపెనీలో ట్రెయిలర్ డ్రైవరు. పదిరోజుల కిందట ఎడారి క్యాంపుకు పైపులు తీసుకెళ్తూ హైవే దిగాడు. బండి ఇసుకలో కూరుకుపోయింది. ఫోను పనిచేయని చోటు. మూడోరోజు వెతికేవాళ్లకు దొరికాడు, బండి నీడలో, నీళ్ల సీసా పక్కన. సీసా ఖాళీ.

బండి ముందుభాగంలో కెమెరా ఉంది. దారినీ తీస్తుంది, లోపలి మాటలనూ పట్టుకుంటుంది. గంటకో ఫోల్డర్. ఒక్కొక్కటీ చేత్తో తెరవాలంటే పూటంతా పడుతుందని స్వామి నిరుడు కంప్యూటర్‌కు ఆదేశాలిచ్చే చిన్న స్క్రిప్టు రాసుకున్నాడు. కార్డు పెట్టి మీట నొక్కితే చాలు, ఫోల్డర్లు వరసగా వాటంతటవే తెరుచుకుంటాయి.

డ్రైవర్లకు ఫోన్లు చేసి బండ్లు నడిపించే పని స్వామిది. ఆఫీసులో తెలుగు వచ్చినవాడూ అతనొక్కడే. విని రిపోర్టు రాయమని మేనేజరు కార్డు అతని చేతికే ఇచ్చాడు.

పొద్దున్నే వచ్చి ఒక్కడే అన్నీ విన్నాడు. పదకొండు గంటల ఫోల్డర్ పూర్తయ్యాక లేచి వెళ్లి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. ఆ తర్వాత స్క్రిప్టులో ఒక లైను చేర్చాడు. పదకొండు వచ్చినప్పుడు దాటిపొమ్మని. ఒక అన్న చెవిన పడగూడని మాటలున్నాయి అందులో.

ఇప్పుడు మీట నొక్కాడు.

తొమ్మిది. నల్లటి రోడ్డు. లింబాద్రి కూనిరాగం. దేవన్న మొహంలో నవ్వులాంటిదేదో మెరిసి ఆరిపోయింది.

పది. గాలి లేచింది. రోడ్డు మీద ఇసుక పాకుతోంది.

ఆ తర్వాత ఒక్కసారిగా అంతా ఇసుకే. చక్రాలు తిరుగుతున్న చప్పుడు. మూలన టైము పన్నెండు.

"పదకొండుది ఏది?"

"ఎండకు ఖరాబైంది. తెరుచుకుంటలేదు."

"తొవ్వ దిగింది ఆ గంటలనే గద స్వామీ?"

"ఆ."

"మావోడు చెప్పంది అడుగు పక్కకెయ్యడు. ఇష్టమొచ్చినట్టు పోయిండని కంపెనోళ్లు కాయితంల రాసిన్రట. నేను నమ్మ. ఎవలన్న పొమ్మంటెనే పోయిండు."

స్వామి రికార్డింగును ముందుకు జరిపాడు.

రెండు గంటల ఫోల్డర్‌లో మాటలు తక్కువ. గొంతు ఎండిపోయి ఉంది. "అన్నా... అవ్వను మంచిగ అరుసుకో. నా కోసం ఏడ్వనియ్యకు." అంతే. ఇసుక పట్టిందేమో, ఇంజను ఆగింది. కెమెరా ఆగింది.

దేవన్న తెరమీద చెయ్యి పెట్టి తమ్ముణ్ణి తడిమినట్టు తడిమాడు. అక్కడ ఇసుక తప్ప ఏమీ లేదు. చాలాసేపు ఏడ్చాడు. స్వామి మంచినీళ్లు తెచ్చాడు. గ్లాసు చూడగానే దేవన్న మళ్లీ ఏడ్చాడు.

"ఈ మాట మా అవ్వకు ఇనిపియ్యాలె," అన్నాడు చివరికి. స్వామి రెండు గంటల ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చాడు.

"ఇన్నొద్దులు తిరిగిన. ఎవ్వలు దగ్గరికి రానియ్యలె. నువ్వే కూసోవెట్టి సూపిచ్చినవ్." దేవన్న అతని రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. "మనోడొకడు ఉన్నడని మా అవ్వకు చెప్త."

స్వామి చేతులు వెనక్కి లాక్కోలేదు.

దేవన్న మెట్లు దిగిన చప్పుడు ఆగాక తలుపు గడియ పెట్టాడు. చెరిపెయ్యాలి. చెరిపేముందు ఇంకొక్కసారి వినాలనిపించింది. పదకొండు గంటల ఫోల్డర్‌ను స్క్రిప్టు లేకుండా చేత్తోనే తెరిచాడు.

"హలో, ముంగట దుమ్ము లేసింది, తొవ్వ కండ్లవడ్తలేదు. ఎనుకకు మలుపుతున్న," అంటున్నాడు లింబాద్రి, ఫోను స్పీకరులో పెట్టి.

"మలిపినవనుకో, రేపటిసంది బండి ఎక్కనియ్య! ఎడమదిక్కు ఇసుక తొవ్వ పట్టు, గంటల చేరుతవ్, పో!" అని అవతలి నుంచి కసిరిన గొంతు స్వామిది.