నాగప్ప రక్తపరీక్ష

"ఇరవయ్యో తారీకు దాకా మా అన్న బతకాల సార్. ఆ తర్వాత దేవుడు ఏమన్నా చేసుకోనీ" అంది సుంకులమ్మ.

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో డాక్టరు రక్తపరీక్ష కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. నాగప్ప పెద్దపేగులో పుట్టిన క్యాన్సర్ అప్పటికే కాలేయానికి పాకింది.

"రక్తం ఏదీ దాచదమ్మా. సీఆర్‌పీ అని ఒకటుంది. ఒంట్లో మంట ఎంత రాజుకుందో అది చెబుతుంది. అది బాగా పెరిగింది. అల్బుమిన్ అనే మాంసకృత్తేమో పడిపోయింది. రెండూ ఇట్లా ఉన్నాయంటే రోజులు దగ్గర పడినట్టే."

"ఆ అల్బుమిన్ దేంట్లో ఉంటాది సార్?"

"గుడ్డు తెల్లసొనలో ఉంటుంది. కానీ ఈ స్థితిలో తింటే..."

మిగతాది ఆమె చెవికెక్కలేదు. రాజుపాలెం నుంచి నాటుకోడి గుడ్లు తెప్పించింది. పచ్చసొన తీసేసి పూటపూటా తినిపించింది. కక్కితే తుడిచి మళ్లీ పెట్టింది.

నాగప్ప కన్నకొడుకులు పార్టీ పనులంటూ మొహం చాటేశారు. అన్నాచెల్లెళ్లకు ఎనిమిదేళ్లుగా మాటల్లేవు. ఆయనది ఒక పార్టీ, ఆమె అత్తగారింటిది ఇంకో పార్టీ. అయినా పిలవకుండానే వచ్చి మంచం పక్కన కూర్చున్నది ఆమే. మలమూత్రాలు ఎత్తిందీ ఆమే.

"ఇరవైన ఏముందక్కా? కూతురి పెండ్లా?" అడిగింది నర్సు మైమూన్.

"ఆ పొద్దు మా అన్న ఉండాలమ్మా. ఆయప్ప లేకుంటే జరగదు."

"అవునులే, మేనమామ లేని పెండ్లి యాడన్నా ఉంటాదా!"

సుంకులమ్మ ఇంకో గుడ్డు ఒలిచే పనిలో పడింది.

నాగప్ప ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నీ కడుపు సల్లగుండ. ఇంక నన్ను పోనీ సుంకులూ. నొప్పి శానా ఉండాది, తాళలేకుండా ఉండా."

"ఓర్చుకోన్నా. ఇంగ కొన్నాళ్లే."

జాలి కలగకపోలేదు ఆమెకు. ఎంతైనా ఒక తల్లి పాలు తాగినవాళ్లు. కానీ వదలడానికి మనసు ఒప్పలేదు.

మళ్లీ రక్తం తీశారు. సీఆర్‌పీ ఇంకా పెరిగింది, అల్బుమిన్ ఇంకా దిగింది. అన్ని గుడ్లూ బూడిదలో పోసిన పన్నీరయ్యాయి. పందొమ్మిదో తారీకు పొద్దున నాగప్ప కన్నుమూశాడు.

సుంకులమ్మ ఆయన మీద పడి గుండెలు బాదుకుంది.

"ఒక్క దినం ఆగకపోతివి కదన్నా! నాకు అన్యాయం చేసి పోతివి కదన్నా!"

వార్డంతా కళ్లొత్తుకుంది. తోడబుట్టినదంటే ఇట్లా ఉండాలన్నారు.

మర్నాడు కోర్టులో జడ్జి తీర్పు చెప్పలేదు. జమ్మలమడుగు బస్టాండులో సుంకులమ్మ మొగుణ్ణి వేటకొడవలితో నరికిన నాగప్ప, శిక్ష పడకముందే చచ్చిపోయాడు గనుక కేసు మూతపడింది.